జీవితపు పెనుమార్పులు : మాటలతో మనశ్చికిత్స

మన పల్లెలలో ఒక యింట మరణము సంభవించినచో ఆ యింటివారు పొయ్యి వెలిగింప నక్కఱలేదు. ఇరుగుపొరుగువారు వంట చేసి తెత్తురు. బంధువులు నాలుగు దిక్కులనుండి వత్తురు. పెద్దకర్మ ముగియువఱకు ఆ యింట ఎవరును ఒంటరిగా నుండుట యన్నది లేదు. ఆ మఱునాడు చాపలు చుట్టబడును. ఎరువు తెచ్చిన గిన్నెలు ఎవరివి వారికి చేరును. చుట్టములు బస్సులెక్కి వెడలిపోవుదురు. సాయంకాలమునకు ఆ యింట నొక ముసలియామెయో, ముసలివాడో మిగులును. అసలైన దుఃఖము తఱచుగా ఆనాటి రాత్రి మొదలగును.

మన పూర్వులు మొదటి దినములకు చక్కని కట్టుబాట్లు చేసిరి. తరువాతి నెలలకు చేసినవి తక్కువ. మఱికొన్ని మార్పులకైతే ఏ యాచారమును లేదు. ముప్పదియైదేండ్లు బడిలో చదువు చెప్పిన పంతులుగారు పదవి విరమించిన దినమున శాలువ కప్పి, పూలదండ వేసి, ఇంటికి సాగనంపుదుము. మఱునాటి యుదయము తొమ్మిదిగంటలకు వారెక్కడికి పోవలయునో ఎవరును ఆలోచింపరు. పొలము కుమారుల పేర వ్రాసియిచ్చిన రైతు, కడపటి కూతురిని అత్తవారింటికి పంపిన తల్లి, క్రొత్తగా కాపురమునకు వచ్చిన పడుచు, తొలికాన్పు బిడ్డను ఒడిలో నుంచుకొన్న బాలింత, పల్లె విడిచి హైదరాబాదులో కుమారుని యింట చేరిన వృద్ధులు - వీరందఱును ఒక గట్టునుండి మఱియొక గట్టునకు దాటుచున్నవారే. ఇట్టి సమయమున మనస్సు తన యోర్పునకు మించిన భారముచే క్రుంగుట యెందువలన? దానికి నేటి వైద్యము చూపు దారి యేది? అందు గ్రామపెద్దలు చేయదగిన దేమి? ఈ మూడు సంగతులను నేడు ముచ్చటింతము.

మనము దినమంతయు ఆలోచించియే నడచుచున్నా మనుకొందుము. నిజమునకు దినచర్యలో చాలభాగము అలవాటుచే సాగును. తెల్లవాఱగనే లేచి పశువులకు మేత వేయుట, భార్య యిచ్చిన కాఫీ త్రాగుచు పొలము సంగతులు చెప్పుకొనుట, ప్రొద్దు క్రుంకువేళ రచ్చబండకడ కూర్చుండుట - ఇవి యన్నియు తలంపకయే జరిగిపోవును. భార్య గతించినచో పోయినది ఒక మనిషి మాత్రమే కాదు. ఆమెతో ముడిపడిన నూఱు చిన్న యలవాట్లు ఒక్కసారిగా తెగిపోవును. మందుబిళ్ల యెక్కడ నున్నది, ఆకలియైనప్పుడు కోడలిని ఏమని యడుగవలెను - ప్రతిదానికిని క్రొత్తగా నిర్ణయము చేసికొనవలెను. దీనికి తోడు మఱియొక ప్రశ్న. నిన్నటివఱకు ఇంటి యజమాని. నేడు కుమారుని యింట అతిథియా, భారమా? అలవాటు తెగుట, స్థానము తప్పుట - ఈ రెండును కలిసినప్పుడే మనస్సు ముంపునకు లోనగును.

1967లో అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయమునకు చెందిన థామసు హోమ్సు, రిచర్డు రాహే అను నిరువురు వైద్యులు ఒక పట్టిక ప్రకటించిరి. మనుష్య జీవితమున వచ్చు 43 మార్పులను తీసికొని, ఒక్కొక్కదానికి సర్దుకొనుట యెంత శ్రమయో అంకెలతో సూచించిరి. భార్యగాని భర్తగాని మరణించుటకు 100 అంకెలు. విడాకులకు 73. వివాహమునకు 50. ఉద్యోగ విరమణకు 45. బిడ్డ యిల్లు విడిచి పోవుటకు 29. నివాసము మార్చుటకు 20. ఇది వారి దేశపు లెక్క. మన యిండ్లకు ఆ యంకెలు ఉన్నవి యున్నట్లు అతుకవు. ఐనను దానినుండి రెండు విషయములు గ్రహింపదగినవి. మొదటిది, శుభకార్యమునకును బరువు కలదు. పెండ్లి యైన ఇల్లాలు ఏడ్చుచున్నచో ఆమెకు అత్తవారిల్లు నచ్చలేదని వెంటనే తీర్పు చెప్పరాదు. రెండవది, బరువులు ఒకదానిపై నొకటి చేరును. భర్త పోయిన సంవత్సరమే భాగపరిష్కారము జరిగి, ఆ సంవత్సరమే యామెను పట్టణమునకు తరలించినచో, మూడు మూటలు ఒక్క తలపై పెట్టినట్లే.

మనస్సునకు వచ్చిన ఈ కష్టమును దేహము పంచుకొనును. ఎదుట పులి కనబడినవానికి గుండె వేగముగా కొట్టుకొనును, నోరెండును, చెమట పట్టును. మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు ఒక రసమును రక్తములోనికి వదలుటయే యిందులకు కారణము. పరుగెత్తుటకో, ఎదిరించుటకో అది యుపకరించును. పులి పోయినచో దేహము చల్లబడును. కాని 'రేపు నా గతి యేమి?' అను చింత పులివలె పోదు. నెలల తరబడి గడపలోనే కూర్చుండును. కావుననే నిద్ర చెడును, అన్నము సహింపదు, గుండెదడ, తలత్రిప్పు, నడుమునొప్పి బయలుదేరును. పరీక్షలు చేసిన వైద్యుడు 'రోగమేమియు లే'దనును. ఇంటివారు 'నటించుచున్న'దందురు. మఱికొందఱు 'గాలి సోకిన'దని తాయెత్తు కట్టింతురు. నొప్పి నిజమైనదే; దాని వేరు వేఱొకచోట నున్నది.

ఇది పిఱికివారికి వచ్చునది యనుకొనుట పొరపాటు. కురుక్షేత్రమున అర్జునుని స్థితి తలపునకు తెచ్చుకొనుడు. అవయవములు సడలుట, నోరెండుట, మేను వణకుట, గాండీవము చేజాఱుట - భగవద్గీత మొదటి యధ్యాయమున చెప్పబడిన యీ లక్షణములలో చాలవఱకు నేటి వైద్యుడును తన పుస్తకమున వ్రాసికొనును. ఆ యధ్యాయమునకు విషాదయోగ మని పేరు. అందు శ్రీకృష్ణుడు సేనలను చూడుమని చెప్పిన ఒక్క మాట తప్ప మఱేమియు పలుకడు. అర్జునుడు చెప్పదలచినది యంతయు చెప్పి, విల్లు విడిచి కూలబడువఱకు వినుచునే యుండును. ఉపదేశము తరువాత వచ్చినది. ముందు వచ్చినది వినుట. ఈ క్రమమును మనస్సునం దుంచుకొన్నచో ఇకముందు చెప్పబోవు చికిత్స సులభముగా బోధపడును.

నేటి వైద్యము శోకమును శ్రద్ధగా పరిశీలింప మొదలిడిన సందర్భములలో నొకటి 1942 నాటి ఘోరాగ్నిప్రమాదము. అమెరికాలోని బోస్టను నగరమున ఒక వినోదశాల తగులబడి 492 మంది మరణించిరి. ఆప్తులను గోల్పోయినవారిని ఎరిక్ లిండెమాన్ అను వైద్యుడు పరిశీలించి, 1944లో తన యనుభవమును ప్రకటించెను. దుఃఖము నిలకడగా నుండదు, అలలవలె వచ్చి పోవును, గొంతు బిగియును, నిట్టూర్పులు వచ్చును, 'నేను మఱికొంత జాగ్రత్తపడిన బ్రదికియుండెడివారు' అని తన్ను తానే నిందించుకొనును - ఇవి యన్నియు ఆయన వ్రాసినవి. శోకము మానుటకు కొంత పని జరుగవలెననియు, తోడు కూర్చుండి వినువాడున్నచో ఆ పని సాగుననియు ఆయన చెప్పెను. తరువాతి పరిశోధనలు దీనికొక హెచ్చరిక చేర్చినవి. ఆపద జరిగిన వెంటనే మనిషిని పట్టుకొని యంతయు బలవంతముగా చెప్పించుట మేలు చేయదు. అందఱును ఏడ్వవలె నన్న నియమమును లేదు. చెప్పవలె ననిపించినప్పుడు వినుటకొక చెవి యుండవలెను, అంతే.

ఇక చికిత్స యెట్లు నడచునో ఒక యుదాహరణముతో చూతము. అఱువది దాటిన రైతొకడు పొలము కౌలు కిచ్చి, పట్టణమున కుమారుని యింట చేరినాడనుకొందము. నాలుగు నెలలుగా నిద్ర లేదు. ఎవరితోను మాటలాడడు. 'నేనిక నెందుకును పనికిరాను' అనును. కుమారు డాతనిని మనస్తత్వ చికిత్సకునియొద్దకు తీసికొనివచ్చినాడు. ఆ చికిత్సకుడు మందు వ్రాయడు, మంత్రము చదువడు. మొదటి దినమున కుమారుని బయట కూర్చుండబెట్టి, తలుపు మూసి, "బాబాయిగారూ, ఊరు విడిచినప్పటినుండి ఏమి జరిగినదో మీకు తోచినట్లు చెప్పుడు" అనును. మధ్యలో అడ్డుపడడు. ఇక్కడ చెప్పినది గడప దాటదని మాట యిచ్చును. తన కష్టమునకు పేరు పెట్టి మఱియొకరి యెదుట పలికినంతమాత్రముననే దాని యాకారము కొంత తగ్గును. చీకటిలో దయ్యముగా తోచినది దీపము వెలుగున చెట్టుమోడుగా కనబడినట్లు.

రెండవ మెట్టు కష్టములను విడదీయుట. ముంపులో నున్నవానికి అన్నియు కలిసి ఒకే కొండగా కనబడును. చికిత్సకుడు కాగితముపై వరుసగా వ్రాయించును: తెల్లవాఱుజామున మెలకువ వచ్చి పని లేకుండుట, మనుమల మాట అర్థము కాకుండుట, చేతిలో డబ్బు లేక ప్రతిదానికి కోడలిని అడుగవలసి వచ్చుట, ఊరివారి వార్తలు తెలియకుండుట. కొండ నాలుగు రాళ్లయినది. అందు మొదట ఎత్తదగిన రాయి యేదో ఆ రైతే చెప్పవలెను, చికిత్సకుడు చెప్పరాదు. అతడు 'తెల్లవాఱుజామే' యనును. అప్పుడు చిన్న పని యొకటి నిర్ణయింతురు. ఆఱుగంటలకు లేచి, వీధి చివర కూరగాయల బజారువఱకు నడచి, ఏ పంట యే ధర పలుకుచున్నదో చూచి, ఊరిలోని స్నేహితునికి ఫోనులో చెప్పవలెను. వారము దినము లిది చేసి తిరిగి రావలెను.

ఇంత చిన్న పని యేమి చేయునని మీ రడుగవచ్చును. క్రుంగినవాడు మనస్సు బాగుపడినపిమ్మట పని చేయుదు ననుకొని కూర్చుండును; కూర్చున్నకొలది మనస్సు మఱింత క్రుంగును. ఈ చక్రమును పనివైపునుండి త్రిప్పుట సులభము. తనకు విలువయైన పని కొంచెము చేసినచో ఉత్సాహము వెనుక వచ్చును. ఎండిన బోరు పంపునకు ముందు కొన్ని నీళ్లు పోసి కొట్టినట్లు.

మూడవ మెట్టు తలంపులను పరీక్షించుట. 1960 తరువాత అమెరికాలో ఆరన్ బెక్ అను వైద్యుడు దీనిని పద్ధతిగా నిరూపించెను. 'నేనెందుకును పనికిరాను' అను మాటను తీసికొని, సాక్ష్యము విచారించు న్యాయాధిపతివలె చూడవలెను. కౌలుదారు నిన్న ఫోను చేసి సలహా యడుగలేదా? మనుమడు మీ ప్రక్కననే నిద్రించుట లేదా? 'నేను మునుపటి పనికి అక్కఱలేదు. క్రొత్త పని యింకను దొరకలేదు' అనునది సత్యమునకు దగ్గఱ. మొదటి మాట గోడ, రెండవ మాట వాకిలి. వీనితోపాటు నిద్రవేళ తప్పకుండుట, ఊపిరి నెమ్మదిగా విడుచుట మున్నగు దేహనియమములను నేర్పుదురు. ఇట్లు ఆఱు మొదలు పండ్రెండు పర్యాయములలో చాలమందికి ఊఱట కలుగును.

'ఇది పట్టణములవారికి, డబ్బు గలవారికి చెల్లును, మాకెక్కడిది?' అనవచ్చును. ఆఫ్రికా ఖండమున జింబాబ్వే యను బీదదేశము కలదు. 2005లో అక్కడి ప్రభుత్వము పట్టణములలోని పేదల గుడిసెలను, అంగళ్లను కూలద్రోయించెను. ఇల్లో, జీవనాధారమో పోయినవారు సుమారు ఏడు లక్షలమంది యని ఐక్యరాజ్యసమితి లెక్కించినది. దేశమంతటికి మానసిక వైద్యులు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందే. వారిలో నొకడగు డిక్సన్ చిబాండా 2006లో హరారే నగరమున పదునలుగురు అవ్వలతో ఒక పని ఆరంభించెను. ఆ యవ్వలు ఆసుపత్రి యావరణములో చెట్టునీడను ఒక బల్లపై కూర్చుందురు. మనోవ్యధ కలవారు వచ్చి ప్రక్కన కూర్చుండి చెప్పుకొందురు. దిగులునకు వారి భాషలో పేరు 'కుఫుంగిసిస'. అనగా మితిమీఱి యాలోచించుట. మన యవ్వలును 'ఆలోచన లెక్కువై మనిషి చిక్కిపోయినా'డనుట లేదా? మనస్సు తెఱచుట, పైకెత్తుట, బలపఱచుట - ఇవి యా యవ్వలకు నేర్పిన మూడు మెట్లు.

ఈ పని ఫలించినదా? 24 ఆసుపత్రులలో 573 మందిపై పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించిరి. ఆఱునెలల పిమ్మట, మామూలు వైద్యము పొందినవారిలో నూటికి సుమారు 50 మందికి దిగులు లక్షణములు మిగిలియుండగా, బల్లపై కూర్చున్నవారిలో నూటికి 14 మందికి మాత్రమే మిగిలినవి. మన దేశమున గోవాలో 1996లో స్థాపింపబడిన 'సంగత్' సంస్థవారును వైద్యపట్టము లేని సామాన్యులకు శిక్షణ యిచ్చి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఆఱు మొదలు ఎనిమిది పర్యాయముల మాటల వైద్యము చేయించి, దాని మేలును 2017లో వెల్లడించిరి. మన పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలలోను 2014 తరువాత ఆశా కార్యకర్తలచే మనోవ్యధ కలవారిని గుర్తింపజేసి వైద్యునియొద్దకు పంపు ఏర్పాటొకటి నడచినది. ఒక్క మాట మఱువరాదు. ఆ యవ్వలు శిక్షణ పొందినవారు. వారిపై పర్యవేక్షణ యున్నది. వయస్సు వచ్చినంతమాత్రమున వినుట రాదు. మన పెద్దలకు చెప్పుట బాగుగా వచ్చును, వినుట నేర్చుకొనవలెను.

కావున పెద్దలు చేయదగినవి కొన్ని చెప్పెదను. 'కాలమే మాన్పును', 'నీకంటె కష్టపడినవారు లేరా', 'బిడ్డల ముఖము చూచి ధైర్యము తెచ్చుకో' - ఈ మాటలు సదుద్దేశముతో పలికినవే యైనను వినువాని నోరు మూయించును. వానికి బదులు 'రాత్రి నిద్ర పట్టుచున్నదా?', 'అన్నింటికంటె ఏది కష్టముగా నున్నది?' అని యడిగి, ఊరకుండుడు. అరుగుపై విన్నది రచ్చబండకు చేరరాదు. ఒక్కసారి చేరినచో ఆ యూరిలో మఱెవరును నోరు విప్పరు. స్త్రీలయొద్దకు అనుభవము గల స్త్రీయే పోవుట మేలు. పరామర్శను మొదటి దినములకే పరిమితము చేయక, ఇరువదవ దినమున, రెండవ నెలలో, మొదటి పండుగకు, సంవత్సరీకమునకు ముందు తప్పక పలుకరింపుడు. మాసికముల యాచారము గల యిండ్లలో ఆ దినములే యిందులకు తగినవి. పెద్ద నిర్ణయములను, అనగా భాగములు పంచుట, ఇల్లమ్ముట, ముసలివారిని తరలించుట మున్నగువానిని, శోకము నూతనముగా నున్నప్పుడు త్వరపెట్టకుండ మీరు చెప్పినచో బంధువులు విందురు.

ఇంకొకటి మీ చేతిలోనే యున్నది. భర్త పోయిన స్త్రీకి గాజులు పగులగొట్టి, బొట్టు చెఱిపి, శుభకార్యములకు దూరముగా నుంచు నాచారము ఇంకను కొన్నియెడల సాగుచున్నది. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. అది జరిగి నూటనలువది యేండ్లు దాటినది. మునుగుచున్నవారి తలపై రాయి పెట్టు ఆచారమును ఆపుటకు ఏ వైద్యుడును చాలడు. ఊరిలో పెద్దమనిషి యొక్కడు 'ఇది వద్దు' అన్నచో చాలును. మొదటి పెండ్లిపిలుపు ఆ యింటికే పంపినచో అదియు చికిత్సయే.

ఐతే మాటలకు లొంగనివియు కలవు. శోకము దానంతట అది రోగము కాదు. ఆప్తులు పోయి ఆఱునెలలు దాటిన తరువాతను, ఆ సంఘమున వాడుకయైనదానికి మించి, తీవ్రమైన దుఃఖము విడువక జీవితమును స్తంభింపజేసినచో దానిని చికిత్స కోరు దీర్ఘశోకముగా ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో అమలునకు వచ్చిన వ్యాధుల పట్టికలో చేర్చినది. రెండు వారములు దాటినను నిద్ర, ఆహారము, పని మూడును చెడినచో, లేని మాటలు వినబడుచున్నవన్నచో, బాలింత బిడ్డను దగ్గఱకు తీయకున్నచో వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. వారు మందు లిచ్చినచో తమంత తాము ఆపరాదు.

'నేను పోయిన మీకు భారము తీఱును' అన్న మాటను మాత్రము ఎన్నడును తేలికగా తీసికొనకుడు. 'చచ్చిపోవలెనని తోచుచున్నదా?' అని సూటిగా అడుగుడు. అడిగినందువలన ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. దాచుకొన్నవానికి చెప్పుకొను దారి దొరకును. ఆ మనిషిని ఒంటరిగా విడువకుడు. పురుగుమందు డబ్బా ఇంటినుండి తీసి, తాళము గల వేఱొకచోట నుంచుడు. తాత్కాలికమైన ఆవేశము దాటువఱకు అది చేతికి అందకుండుటయే చాలమంది ప్రాణములు నిలుపును. పోలీసులకు వెఱచి దాచవలదు. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రమైన మనఃక్లేశములో నున్నవారిగా భావింపవలెననియు, శిక్షింపక ఆదరింపవలెననియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ ఏర్పాటు కలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, రాత్రియైనను పగలైనను, రుసుము లేకుండ తెలుగుననే మాటలాడుదురు. ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై, పాలకేంద్రముకడ పెద్ద యక్షరములతో వ్రాయింపుడు.

ఇక ఈ వారము చేయదగిన పని యొకటి చెప్పి ముగింతును. మీ వీధిలో గడచిన సంవత్సరమున మరణమో, పెండ్లియో, పదవీవిరమణయో, పంపకమో, తొలికాన్పో జరిగిన యిండ్లెన్నో వ్రేళ్లపై లెక్కింపుడు. వానిలో నందఱును పలుకరించుట మానివైచిన యిల్లేదో మీకే తెలియును. రేపు సాయంకాలము, పని యేమియు లేకుండ, ఆ యింటి అరుగుపై ఒక గడియ కూర్చుండుడు.